సున్నపురాయి నిలబడిన చోటు

(అమలాపురంలో కళాశాల విద్యార్థులు, ట్రెక్కింగ్ మీద ఆసక్తి ఉన్నవారి కోసం జరిగిన సభలో చేసిన ప్రసంగానికి పాఠం)

అందరికీ నమస్కారమండి. పెద్దలకు, అధ్యాపకులకు, ముందు వరుసలో నేల మీద సర్దుకుని కూర్చున్న పిల్లలకు కూడా.

నన్ను పిలిచిన విద్యార్థులు ఫోన్లో ఒకే ప్రశ్న వేశారు. "సార్, ప్రపంచంలో పేరున్న క్లైంబింగ్ ఊళ్లలో చాలావరకు సున్నపురాయి మీదే ఉన్నాయంటారు. మన రాష్ట్రంలో సున్నపురాయికి కొదవ లేదు. మరి అలాంటి ఊరు మనకెందుకు లేదు?" చాలా మంచి ప్రశ్న. ఈ సాయంత్రం చెప్పబోయేదంతా దానికి జవాబే.

ముందు మీ కింద ఉన్న నేల చూడండి. నల్లటి బండలు. మన జిల్లాలో కడప బండలంటాం, అటువైపు నాపరాయి అంటారు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి వైపు నుంచి లారీల్లో వచ్చినవే ఇవన్నీ. ఇది సున్నపురాయి. ఇంటికి వెళ్లాక గడప దగ్గరో మెట్టు దగ్గరో బండ అంచు కనిపిస్తుంది కదా, అక్కడ వేలు పెట్టి చూడండి. పైనా కిందా చదునుగా, అంగుళమో అంగుళమున్నరో మందంతో తేలిగ్గా విడిపోయిన రాయి అది. ఎవరూ రంపంతో అన్ని పొరలుగా కోయలేదు. రాయి పుట్టుకే అంత. సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకుని గట్టిపడింది. ఆత్రేయపురం పూతరేకు మడతల్లాగా పొరలు దేనికవి ఊడివస్తాయి. ఫ్లోరింగ్‌కు ఇంతకంటే మంచి రాయి దొరకదు. ఎక్కడానికి వచ్చేసరికి ఈ గుణమే అడ్డు తగులుతుంది. మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

అసలు క్లైంబర్లకు సున్నపురాయి మీద ఇంత మోజు ఎందుకంటే, అది నీళ్లలో కరుగుతుంది కాబట్టి. వాన నీళ్లు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త పులుపెక్కుతాయి. ఆ పులుపు సున్నపురాయిని తినేస్తుంది. వేల ఏళ్లు గడిచేసరికి రాయి మీద వేలు పట్టే గుంటలు, చెయ్యి పట్టే బొక్కలు, పదునైన అంచులు తేలతాయి. కరిగిన సున్నం ఇంకో చోట మళ్లీ గడ్డకట్టి, గోడ మీంచి కిందికి జారే బొడిపెలుగా, స్తంభాలుగా నిలుస్తుంది. అందుకే గోడ మన మీదికి వంగి ఉన్నా పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. గ్రానైట్ అలా కాదు. భువనగిరి గుట్ట గ్రానైట్, హంపి బండలూ గ్రానైటే. అక్కడ పాదం రాపిడిని నమ్ముకోవాలి, లేదంటే పగుళ్లలో చెయ్యి ఇరికించాలి. బాదామిది ఇసుకరాయి. అదొక అందం. దేని విద్య దానిదే.

జర్మనీలో ఫ్రాంకెన్‌యూరా అనే అడవి ప్రాంతం ఉంది. అంతా చిన్న చిన్న సున్నపురాయి గుట్టలు. 1991లో వోల్ఫ్‌గాంగ్ గ్యులిచ్ అక్కడ ఒకటి రెండు వేళ్లు మాత్రమే పట్టే బొక్కలున్న ఒక దారిని ఎక్కాడు. అప్పటికి ప్రపంచంలో అంత కష్టమైన దారి లేదు. గుట్ట ఎత్తు చూస్తే మన కొబ్బరిచెట్టంతే ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. వందల మీటర్ల కొండ ఏమీ అక్కర్లేదు. పదిహేను మీటర్ల మంచి గోడ దొరికినా ఒక తరం క్లైంబర్లు తయారవుతారు.

ఇంకొకటి చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. వాళ్లు మొదట శిక్షణ పొందింది భువనగిరి గ్రానైట్ మీద. చివరికి చేరిన ఎవరెస్టు కొసన, మంచు కింద ఉన్నది సున్నపురాయి. నలభై కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రపు అడుగు అది. అందులో సముద్రజీవుల శిలాజాలున్నాయి. మన పిల్లలు ఎక్కిన అతి ఎత్తైన రాయి సున్నపురాయేనన్నమాట.

ఇక మన చుట్టుపక్కల చూద్దాం. డెల్టాలో రాయి లేదు. కాలువ గట్టుకు, రోడ్డుకు, ఇంటి పునాదికి, ప్రతి ముక్కా బయట నుంచి రావలసిందే. కాటన్ దొర హయాంలో 1847 నుంచి 1852 దాకా ఆనకట్ట కట్టినప్పుడు ధవళేశ్వరం దగ్గరున్న కొండనే తవ్వి వాడారు. సున్నం కావాలన్నా మనవాళ్లు ఆల్చిప్పలు కాల్చి గుల్లసున్నం చేసుకున్నారు తప్ప రాయి కాల్చలేదు. కాబట్టి మనం ఎటు వెతకాలన్నా డెల్టా దాటాలి.

దాటగానే, ఆశ్చర్యం, రాజమండ్రి పక్కనే సున్నపురాయి ఉంది. మీ ఇళ్లకు, రోడ్లకు కంకర ఎక్కడి నుంచి వస్తుంది? పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు, గోదావరికి ఇటువైపు కాతేరు. అక్కడి నల్లరాయి లావా. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పడమటి దక్కనులో పొంగిన లావా సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి అప్పటి తీరం దాకా వచ్చింది. ప్రపంచంలో తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో అదొకటి. ఒక లావా పొరకూ ఇంకో లావా పొరకూ మధ్య కాలవ్యవధిలో నీళ్లు నిలిచిన చోట గవ్వలు, నత్తలు పేరుకుని సున్నపురాయి అయింది. క్వారీ గోడలో నల్లటి రాతి మధ్య లేతరంగు పట్టీలా కనిపిస్తుంది. డైనోసార్లు అంతరించిన కాలాన్ని చదవడానికి శాస్త్రవేత్తలు విదేశాల నుంచి కూడా వచ్చి చూసే పట్టీ అది. కానీ మందం కొద్ది మీటర్లే, పైగా బ్లాస్టింగ్ దెబ్బలు తిన్న గోడ. అక్కడ రోప్ వేసుకుని ఎక్కుదామని ఎవరూ అనుకోవద్దు. చూడటానికి మాత్రం తప్పకుండా వెళ్లండి. క్వారీ యజమానిని అడిగి, పని ఆగిన వేళ, హెల్మెట్ పెట్టుకుని.

పాపికొండల గురించి చాలామంది అడుగుతారు. లాంచీలో వెళ్లేటప్పుడు రెండు వైపులా నిలువెత్తు కొండలు చూసి ఎక్కడానికి ఇంతకంటే ఏం కావాలని అనిపిస్తుంది. అది ఖోండలైట్ రాయి. బాగా ముక్కలై, మట్టిపట్టి, అడవి కప్పేసిన వాలు. పైగా నేషనల్ పార్కు. మన వెతుకులాటలో దాని పని లేదు.

తూర్పు కనుమల్లో అసలైన సున్నపురాయి బొర్రా దగ్గర ఉంది. భూగర్భంలో వేడికి, ఒత్తిడికి మారిపోయి పాలరాయి తీరుకు వచ్చిన సున్నపురాయి. దాన్ని గోస్తని నది తొలుచుకుంటూ పోయింది. బొర్రా గుహ పర్యాటక స్థలం, దాని జోలికి వెళ్లకూడదు. చుట్టుపక్కల కొండల్లో ఏమైనా ఉందా అంటే, వెళ్లేముందు ఒక తీర్పు గురించి తెలుసుకోవాలి. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు. అనంతగిరి మండలంలో, సరిగ్గా ఈ బొర్రా ప్రాంతంలోనే, కాల్సైట్ వంటి ఖనిజాల తవ్వకానికి గిరిజనేతరులకు లీజులివ్వడం మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనులదని, ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు అలా లీజుకివ్వకూడదని కోర్టు చెప్పింది. మనం తవ్వడానికి పోవడం లేదు కదా అనొచ్చు. నిజమే. కానీ ఒక కొండకు తాడు తగిలించుకునే బోల్టులు కొట్టి, పేరు పెట్టి, ఇంటర్నెట్లో పెడితే రేపు అక్కడ రిసార్టు కోసం స్థలం వెతికేవాళ్లు వస్తారు. ఆ ఊరి గ్రామసభ ముందు కూర్చుని, వాళ్లు ఔనన్న తర్వాతే అక్కడ మొదటి అడుగు వెయ్యాలని నా గట్టి అభిప్రాయం. దీంట్లో రాజీ లేదు.

అసలు వెతకాల్సిన నేల కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలు. అటు పల్నాడు. ఎర్రమల, నల్లమల, వాటి మధ్య కుందూ లోయ. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, మాచర్ల, జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, బేతంచెర్ల నాపరాయి క్వారీలు, ఇవన్నీ ఒకే రాతికుటుంబం మీద బతుకుతున్నాయి.

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి, భూగర్భశాస్త్రం చెబుతాను. కర్నూలు గ్రూపు అనే రాళ్ల దొంతర కింది నుంచి పైకి ఇలా ఉంటుంది: అడుగున బనగానపల్లె క్వార్ట్జైట్, అంటే బాగా గట్టిపడిన ఇసుకరాయి, ఒకప్పుడు వజ్రాలు తవ్వింది అందులోనే. దాని మీద నార్జి సున్నపురాయి. దాని మీద ఔకు షేల్, అంటే మెత్తటి పలకరాయి. ఆపైన పాణ్యం క్వార్ట్జైట్. మళ్లీ కోవెలకుంట్ల సున్నపురాయి, చివర నంద్యాల షేల్. ఈ దొంతర చాలా చోట్ల పెద్దగా ముడతలు పడలేదు. పరుపులా పడుకుని ఉంది. పడుకున్న రాయి పొలమవుతుంది, క్వారీ అవుతుంది, లోపల నీళ్లు తొలిస్తే గుహ అవుతుంది. గోడ కాదు.

బెలుం గుహలు చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. 3,229 మీటర్ల పొడవైన గుహ. పైన చూస్తే ఏముంది? చదునైన నేల. గోతిలోకి మెట్లు దిగితే తప్ప అక్కడ గుహ ఉందని తెలియదు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త దాని గురించి రాశాడు, 1982, 83లలో గెబౌవర్ అనే జర్మన్ పరిశోధకుడి బృందం లోపల తిరిగి మ్యాపు గీసింది. అంత సున్నపురాయి ఉన్నా పైన పదడుగుల గోడ లేదు. కాబట్టి మ్యాపులో సున్నపురాయి రంగు ఎక్కడుందో చూసి బయలుదేరితే, జొన్న చేలో తేలతారు. వెతకాల్సింది సున్నపురాయి ఉన్న చోటు కాదు, అది నిలబడిన చోటు.

మరి ఎక్కడ నిలబడుతుంది? రెండు చోట్ల. ఒకటి, వాగు లోతుగా కోసుకుపోయిన చోట. రెండు, మీద గట్టి రాతి టోపీ ఉండి, అది కింది సున్నపురాయిని వానకు అరిగిపోకుండా కాపాడిన చోట. ఎర్రమలలో ఆ టోపీ పాణ్యం క్వార్ట్జైట్. అందుకే అక్కడి గుట్టలు పైన బల్లపరుపుగా ఉంటాయి. ఇక్కడే కొత్తవాళ్లు పొరబడే అవకాశం ఎక్కువ. రోడ్డు మీంచి చూస్తే గుట్ట తలమీద కోటగోడలాంటి నిలువు రాయి కనిపిస్తుంది. అది సున్నపురాయి కాదు, క్వార్ట్జైట్ టోపీ. దాని కింద షేల్ అరిగిపోయి వాలు అవుతుంది. ఆ వాలు మీద పైనుంచి రాలిన బండలు, ముళ్లకంప. వాటి కింద ఎక్కడో సున్నపురాయి సగం కప్పబడిపోయి ఉంటుంది. గండికోట కూడా అంతే. పెన్నా కోసిన ఆ లోయ గోడల్ని సున్నపురాయి అని, గ్రానైట్ అని రకరకాలుగా చెబుతుంటారు. అది క్వార్ట్జైట్.

కాబట్టి గుట్ట తలమీద కాకుండా మొలదగ్గర చూడాలి. వాగు మలుపులో, బయటి ఒడ్డున, నీళ్లు గుద్దుకునే వైపు. అక్కడ రాలిన రాళ్లను వరద ఎప్పటికప్పుడు కొట్టుకుపోతుంది కాబట్టి గోడ పాదం దాకా శుభ్రంగా బయటపడి ఉంటుంది.

ఇల్లు కదలకుండా చేసుకోగలిగిన పని చాలా ఉంది. జియలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్‌లో రాళ్ల మ్యాపు ఉచితంగా దొరుకుతుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, అంటే ఎత్తుపల్లాలు చూపే మ్యాపులు ఉన్నాయి. ఇస్రో వాళ్ల ఉపగ్రహ చిత్రాల పోర్టల్ భువన్ ఉంది. మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. టోపోషీట్‌లో కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, ఒకదానికొకటి తగులుతున్నట్టు దగ్గరయితే నిటారు గోడ ఉన్నట్టు. అయితే 50 వేల స్కేలు షీటులో గీతకూ గీతకూ మధ్య ఎత్తు సాధారణంగా 20 మీటర్లు. మనకు కావలసిన గోడేమో పదిహేను. అది రెండు గీతల మధ్య ఏ గుర్తూ లేకుండా మాయమైపోగలదు. మ్యాపులో లేదని ఒక వాగును కొట్టిపారేయకండి.

ఉపగ్రహ చిత్రంలో అయితే నీడ చూడాలి. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలా ఉపయోగం. సెంటినెల్-2 లాంటి ఉపగ్రహాలు మన మీదుగా ఉదయం పదిన్నర ప్రాంతంలో పోతాయి. డిసెంబరులో ఆ వేళకు మన అక్షాంశంలో సూర్యుడు ఆగ్నేయంగా, సుమారు 45 డిగ్రీల ఎత్తున ఉంటాడు. 45 డిగ్రీలంటే లెక్క ఎంత సులువో చూడండి. నేల చదునుగా ఉంటే నీడ పొడవు ఎంతో గోడ ఎత్తు అంత. డిసెంబరు చిత్రం తీసుకుని నీడ కొలిస్తే ఎత్తు వచ్చేస్తుంది. అయితే సెంటినెల్ చిత్రంలో ఒక చుక్క పది మీటర్లు. పదిహేను మీటర్ల గోడ నీడ అందులో ఒకటి రెండు చుక్కలే. కాబట్టి దాంతో పెద్ద లోయలను గుర్తుపట్టి, ఆ తర్వాత గూగుల్ ఎర్త్‌లో స్పష్టమైన చిత్రం దొరికితే దాంట్లో చిన్నవి చూడాలి. దక్షిణానికి, తూర్పుకు ముఖం ఉన్న గోడలకు ఆ వేళ ఎండ తగులుతుంది, నీడ పడదు. అవి చిత్రంలో దొరకవు. ఉత్తరం, వాయవ్యం వైపు తిరిగినవి దొరుకుతాయి. అదృష్టం ఏమిటంటే చలికాలంలో ఎక్కేవాడికి కావలసినవి కూడా అవే. రాయలసీమ ఎండలో దక్షిణ ముఖం ఉన్న నల్లరాయి జనవరిలో కూడా చెయ్యి పెట్టనివ్వదు.

ఇంతా చేసి ఊరికి వెళ్లాక, మ్యాపు కంటే మేకల కాపరి ఎక్కువ చెబుతాడు. కానీ అడిగే తీరు ఉంది. "ఇక్కడ కొండ గోడ ఉందా పెద్దాయనా?" అంటే ఏ కొండైనా చూపిస్తాడు. "గుహ ఉందా?" అంటే గుడి చూపిస్తాడు. వాన వస్తే మందను ఎక్కడ నిలబెడతావని అడగండి. వంద మేకలు తడవకుండా నిలబడే చోటంటే పైన రాయి ముందుకు వంగి ఉన్నట్టే. ఎండాకాలంలో నీళ్లు ఎక్కడ చెమ్మగిల్లుతాయని అడగండి, నీళ్లు కారే చోట సున్నం కట్టి ఉంటుంది. తేనె ఎక్కడ పడుతుందని అడగండి. ఈ మూడు ప్రశ్నలకూ ఒకే చోటు చెబితే మర్నాడు పొద్దున్నే బయలుదేరండి.

గోడ దగ్గరికి చేరాక తాడు తీయకండి. ముందు రాయి ఏమిటో తేల్చుకోవాలి. జేబులో ఒక ఇనుప మేకు, ఒక నిమ్మకాయ ఉంటే చాలు. మేకుతో గీరితే గాటు పడి తెల్లటి పొడి రాలిందంటే సున్నపురాయి కావొచ్చు. క్వార్ట్జైట్ అయితే రాతికి ఏమీ కాదు, మేకే అరిగి రాతి మీద నల్లటి గీత మిగులుతుంది. ఆ పొడి మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండి కళ్లు దగ్గర పెట్టి చూడండి. సన్నగా బుడగలు లేస్తాయి. పొడి చేసినా బుడగలు మందకొడిగా వస్తే డోలమైట్, అంటే మెగ్నీషియం కలిసిన సున్నపురాయి లాంటి రాయి, అయ్యుండొచ్చు. వేంపల్లె, పులివెందుల వైపు ఎక్కువగా అదే, దాదాపు 190 కోట్ల ఏళ్లనాటిది. జంతువన్నదే పుట్టని కాలంలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన రాయి. గోడ మీద ఉల్లిపాయ కోసినట్టు వంకరగీతలు కనిపిస్తాయి, అవి ఆ జీవుల గుర్తులు. ఆ గీతల మీద దయచేసి బ్రష్షు కూడా పెట్టకండి. పులివెందుల వైపు ఆ రాయిలో కొన్నిచోట్ల ఆస్బెస్టాస్ సిరలు కూడా ఉన్నాయి. నారలాంటి తెల్లటి పోగులు కనిపిస్తే ముట్టుకోకుండా వెనక్కి వచ్చేయాలి. ఆ పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

తర్వాత పిడికిలితో రాతిని కొడుతూ చెవి పెట్టి వినాలి. గట్టి గోడ చెయ్యికి నొప్పి పుట్టిస్తుంది గాని పలకదు. లోపల పొర విడిపోయి ఉంటే డబ్‌మని బోలుగా పలుకుతుంది. నాపరాయి గోడల్లో అసలు చిక్కు ఇదే. బోల్టు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల దాకా లోపలికి దిగుతుంది. పొర మందమే ఐదు సెంటీమీటర్లయితే అది ఒక పొరను దాటి ఇంకో పొరలో ఉంటుంది. మనిషి పడినప్పుడు ఆ బరువుకు పొరకు పొరే ఊడిరావచ్చు. అందుకే అడుగైనా మందం లేని పొరలున్న గోడకు నేను దండం పెట్టి వచ్చేస్తాను, ఎంత అందంగా ఉన్నా సరే. గోడ పాదం దగ్గర కూడా చూడండి. పదునైన అంచులతో, తాజా రంగుతో రాళ్లు పడి ఉంటే ఆ గోడ ఇంకా రాలుతోంది.

బోల్టు లోహం గురించి ఒక్క మాట. అంతర్వేదిలో, ఓడలరేవులో కిటికీ ఊచలు ఎన్నాళ్లుంటాయో మీకు చెప్పక్కర్లేదు. థాయ్‌లాండ్‌లో రైలే అనే చోట సముద్రం ఒడ్డునే గొప్ప సున్నపురాయి గోడలున్నాయి. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు పైకి పెద్దగా తుప్పు కనిపించకుండానే లోపల పగిలి, చిన్న బరువుకే విరిగిపోయాయి. దాంతో టైటానియం బోల్టులు జిగురుతో దించడం మొదలుపెట్టారు. కర్నూలు పొడినేల కాబట్టి అంత భయం లేదు. అయినా హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు బోల్టు మాత్రం వద్దు. అది మీ ప్రాణం మాత్రమే కాదు, మీ తర్వాత పదేళ్లకు వచ్చే అపరిచితుడి ప్రాణం కూడా.

తేనెటీగల సంగతి. వంగిన సున్నపురాయి అంటే కొండతేనెటీగలకు కూడా ఇష్టమే. మూరెడు వెడల్పు పట్టులు వేలాడుతుంటాయి. అవి లేచాయంటే తాడు మీద ఉన్న మనిషి ఎటూ పారిపోలేడు. పట్టు ఉన్న గోడను, పట్టు ఉన్నంతకాలం వదిలేయడమే. పట్టు ఖాళీ అయిందా లేదా అన్నది దూరం నుంచి దుర్భిణీతో చూసి తెలుసుకోవాలి. నల్లమలలో చెంచులు తీగలతో, నారతో పేనిన తాళ్లు కట్టుకుని ఆ గోడల మీంచి దిగి తేనె తీస్తారు. మనం నడుముకు హార్నెస్ పట్టీలు కట్టుకుని వెళ్లి "ఈ గోడను మేమే కనుక్కున్నాం" అనడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. ఆ గోడలకు క్లైంబర్లు ఎప్పటి నుంచో ఉన్నారు. అది వాళ్ల జీవనాధారం. వాళ్ల తేనె గోడ మీద బోల్టు కొట్టడమంటే వాళ్ల కంచంలో చెయ్యి పెట్టడమే.

గోడ గూళ్లలో రాబందులుంటే సరేసరి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల అవి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. తెల్లటి రెట్ట చారలు రాతి అంచుల కింద కనిపిస్తే ఫొటో తీసి అటవీశాఖకు చెప్పండి, ఆ చోటు పేరు ఎక్కడా బయటపెట్టకండి. నల్లమలలో చాలా భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అక్కడ అనుమతి లేకుండా అడుగు పెట్టడం నేరం, అంతే.

ఇప్పుడు కష్టమైన విషయానికి వస్తాను. ఎర్రమలలో సున్నపురాయి నిజంగా నిలువుగా నిలబడిన ఒక చోటు బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం. పూర్వం గుహలుగా ఉన్నవాటి పైకప్పు కూలిపోయి, గోడలు మాత్రం మిగిలి, ఇరుకు లోయల్లా ఉంటుంది. క్లైంబర్ కన్నుతో చూస్తే చేతులు దురద పెడతాయి. కానీ 1880లలో ఫుట్, ఆయన కొడుకు తవ్వి ఎన్నో జంతువుల ఎముకలు బయటికి తీసిన చోటు అది. మన దేశంలో మంచుయుగపు జంతువుల గురించి తెలిసిన దాంట్లో ఆ మట్టి పొరల పాత్ర చిన్నది కాదు. ఇప్పటికీ శాస్త్రవేత్తలు అక్కడ పని చేస్తున్నారు. నేల మీద వందమంది బూట్లు తొక్కితే ఆ పొరలు పోతాయి. యాగంటిలో కూడా కొండ గోడలు నోరూరిస్తాయి, అది అగస్త్యుడి గుహ ఉన్న పుణ్యక్షేత్రం. పల్నాడులో గుత్తికొండ బిలం అంతే. కాబట్టి కొన్ని మంచి గోడలు ముందే ఎవరివో అయిపోయి ఉన్నాయి. దేవుడివి, ఎముకలవి, గబ్బిలాలవి. వాటిని వదిలేశాక మిగిలిన వాగు మలుపుల్లోనే మన అన్వేషణ. ఇదీ మీ ప్రశ్నకు రెండో సగం జవాబు. మనకు రాయి లేక కాదు, నిలబడిన రాయి తక్కువ, అందులో ముట్టుకోదగ్గది ఇంకా తక్కువ. అందుకే వెతికేవాళ్లు ఎక్కువమంది కావాలి.

దొరికితే ఏమవుతుందో కూడా చెప్పాలి. గ్రీసులో కాలిమ్నోస్ అనే దీవి ఉంది. అక్కడి జనం తరతరాలుగా సముద్రంలో మునిగి స్పాంజీలు తీసి బతికారు. స్పాంజీలకు తెగుళ్లు వచ్చాయి, గిరాకీ పోయింది. 1990లలో ఒక ఇటాలియన్ క్లైంబర్ ఆ దీవి సున్నపురాయి గోడలను చూసి మొదటి దారులు వేశాడు. ఇప్పుడు శరదృతువులో ఆ దీవి హోటళ్లు క్లైంబర్లతో నిండుతాయి, దారుల బోల్టుల బాగోగుల్లో స్థానిక పాలనా యంత్రాంగానికీ భాగముంది. క్వారీ మూతపడ్డాక పనికి బెంగళూరు పోయే కుర్రాళ్లున్న ఊరు మన దగ్గర కూడా ఉంది. ఆ ఊరి కుర్రాడు గైడుగా, ఆ ఊరి ఆడవాళ్లు భోజనం పెట్టేవాళ్లుగా డబ్బు ఊళ్లోనే తిరిగితే, ఆ గోడను వాళ్లే కాపాడతారు. బయటి నుంచి మనం వెళ్లి కాపలా కాయక్కర్లేదు.

వెనక నుంచి ఒకమ్మాయి చీటీ పంపింది, వానాకాలంలో వెళ్లొచ్చా అని. ఎక్కడానికి వద్దమ్మా. సున్నపురాయి గోడ వాన ఆగిన తర్వాత కూడా రోజుల తరబడి లోపలి నుంచి కారుతూనే ఉంటుంది. తడిసిన సున్నపురాయి సబ్బులా జారుతుంది. వెతకడానికి మాత్రం వానలు వెనకబట్టిన వెంటనే ఒకసారి తప్పకుండా వెళ్లాలి. నీళ్లు ఎక్కడెక్కడ కారుతున్నాయో, వాగు ఏ ఎత్తు దాకా వచ్చిందో అప్పుడే తెలుస్తుంది. అదే గోడను మళ్లీ ఫిబ్రవరిలో చూడాలి. రెండుసార్లూ చూసి, ఒకే చోట నిలబడి ఫొటో తీసి, పక్కపక్కన పెట్టి పోల్చాకే డ్రిల్ గురించి మాట్లాడుకుందాం.

పని మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఇలా చేయండి. నలుగురేసి కలిసి కుందూలో కలిసే ఏదో ఒక వాగు ఎంచుకోండి. భూకోశ్ మ్యాపులో అది నార్జి సున్నపురాయిని ఎక్కడ కోస్తుందో గుర్తించండి. డిసెంబరు నెల ఉపగ్రహ చిత్రంలో నీడలు కొలవండి. ఆ భూమి అటవీశాఖదా, రెవెన్యూదా, పట్టానా, క్వారీ లీజులో ఉందా, కాగితం మీద రాయండి. ఈ చివరిది లేకుండా తెచ్చిన మ్యాపు నేను చూడను. ఈ నాలుగూ ఉన్న బృందంతో సంక్రాంతి దాటాక నేను నడుస్తాను. ఎక్కే సామాను ఏదీ తీసుకురావద్దు. నీళ్లు, టోపీ, మేకు, నిమ్మకాయ చాలు.